మర్జాన్, మౌలాదాద్ కూతురు

మా లోయలో మౌలాదాద్ అంత నోరున్న మనిషి ఇంకొకడు లేడు. కాలవ నీళ్ళ వంతుల దగ్గర పారలు లేచినా, పెళ్ళి మాటలు మధ్యలో తెగిపోయినా అతని కోసం కబురు వెళ్ళేది. వచ్చి, తలపాగా సర్దుకుని, టీ తాగి మాట మొదలుపెట్టాడంటే ఎదుటివాడు తల ఊపేదాకా వదిలేవాడు కాదు. అలాంటివాడికి ఒక్క చిన్న మాట దగ్గర నోరు పడిపోయింది. అదేమీ కొత్త మాట కాదు, కష్టమైన మాటా కాదు. తన కూతురికి తను పెట్టిన పేరు.

అసలు బడి సంగతి నెత్తికెత్తుకున్నదే అతను. వంతెన అవతల ఉన్న సర్కారు బడిని తుపాకుల వాళ్ళు ఆక్రమించి, కిటికీల్లో ఇసుక బస్తాలు పేర్చుకున్నాక ఊళ్ళో పిల్లలంతా మేకల వెంట పడ్డారు. కొన్నాళ్ళు పెద్దలందరూ ఉసూరుమన్నారు. తర్వాత ఒక శుక్రవారం, నమాజు అయ్యాక, మసీదు అరుగు మీద మౌలాదాద్ లేచాడు.

"బడి మన దగ్గరికి రాదు. మనమే పెట్టుకుందాం. నా అతిథుల గది ఇస్తాను. చదువు చెప్పడానికి రౌషానా ఉంది. ఇరాన్‌లో తలదాచుకున్నన్నాళ్ళూ చదువుకునే వచ్చింది కదా."

"మగపిల్లలకేనా?" అని అడిగాడు కలందర్. మౌలాదాద్ పొరుగువాడు, పొలం గట్టు కూడా పక్కపక్కనే. వేలెత్తి చూపించే అవకాశం వస్తే నిద్ర కూడా మానుకునే రకం.

"ఇద్దరికీ. ఆడపిల్లలకీ."

"మీ ఇంటి ఆడపిల్లను పంపుతావా లాలా?"

"అందరికంటే ముందు పంపుతా. కళ్ళారా చూద్దువుగాని."

అనడమే కాదు, చలికాలమంతా మంచు తొక్కుకుంటూ గడపగడపకూ తిరిగాడు. "నీ కూతురికి రేపు జ్వరమొస్తే మందు సీసా మీద రాసింది ఎవరు చదువుతారు, నీ గాడిదా?" అని ఒకడిని తిట్టాడు. ఇంకొకడిని బతిమాలాడు. ఇంకొకడి ఇంట్లో, ఒప్పుకుంటేగాని లేవనని చలిమంట పక్కన బైఠాయించి, వాళ్ళ ఎండు మల్బరీ పళ్ళు సగం ఖాళీ చేశాడు. ఒక్కొక్క తండ్రీ దారికొచ్చాడు. పుస్తకాలూ పలకలూ రౌషానా జీతమూ ఇస్తామని పట్నంలో ఒక సంస్థ కబురు చేసింది. మంచు కరగగానే వాళ్ళ మనిషి బురదలో జీపు దించుకుని వచ్చాడు.

ఆయన పేరు హష్మత్. జేబులో పెన్ను ఉన్న ప్రతివాడూ మా వైపు ఇంజినీరే కాబట్టి, ఆయనా ఇంజినీర్ సాబే. కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. మౌలాదాద్ అతిథుల గదిలో తండ్రులందరూ గోడల వెంట కూర్చున్నారు. మగపిల్లల పేర్లు చకచకా అయిపోయాయి. ఎవడికి వాడు కొడుకు పేరు గట్టిగా, అవసరమైనదానికంటే గట్టిగా చెప్పాడు.

"ఇప్పుడు ఆడపిల్లలు," అన్నాడు ఇంజినీర్ సాబ్. "కాకా, ఒక్క మాట. పై లోయలో ఒక ఊరివాళ్ళు లేని ఆడపిల్లలు ఉన్నారని చెప్పి పుస్తకాలు తీసుకున్నారు. వాటితో పొయ్యిలు రాజేసుకున్నారు. అందుకని మా సంస్థవాళ్ళు పద్ధతి మార్చారు. తండ్రి తన నోటితో, అందరూ వింటుండగా, కూతురి పేరు చెప్పాలి. అప్పుడే రాసుకుంటాను."

గదిలో టీ జుర్రే చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆ గదిలో ఉన్నవాళ్ళకి ఒకరి పొలంలో రాళ్ళెన్నో ఇంకొకరికి తెలుసు. ఎవరి నడుంనొప్పి ఏ కోతల్లో మొదలైందో తెలుసు. ఒకరి ఇంటి ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఇంకొకరికి తెలియవు. తెలిసినా తెలియవు. భార్య అంటే పిల్లల తల్లి. కూతురంటే ఫలానావాడి చెల్లెలు. పరాయి మగవాడి ముందు ఇంటి ఆడపిల్ల పేరు పలకడమంటే, ఆ పిల్ల ముసుగును తన చేత్తో లాగి పారేసినట్టే. మా తాతల నుంచీ అంతే. చలికాలమంతా ఆడపిల్లల చదువు గురించి గొంతు పోయేలా మాట్లాడిన మౌలాదాద్ కూడా ఏ ఇంట్లోనూ ఒక్క పిల్లనూ పేరుతో అనలేదు. 'మీ పాప' అన్నాడు, 'మీ చిన్నది' అన్నాడు.

"మీతోనే మొదలుపెడదాం కాకా," అన్నాడు ఇంజినీర్ సాబ్.

"రాసుకోండి. యహ్యా చెల్లెలు."

"యహ్యా చెల్లెలికి పేరుంటుందిగా?"

"ఎందుకుండదు?"

"అదే చెప్పండి మరి."

"చెప్పు లాలా," అన్నాడు కలందర్, గడ్డం నిమురుకుంటూ. "అందరికంటే ముందు అన్నావుగా."

మౌలాదాద్ నోరు తెరిచాడు. తెర వెనక కెటిల్ మూత చప్పుడైంది. అక్కడ భార్యా కూతురూ ఉన్నారని తెలుసు. పేరు పళ్ళ దాకా వచ్చింది. అక్కడి నుంచి కదల్లేదు. చుట్టూ మొహాలు, గడ్డాలు, తెరిచిన పెన్ను. చెవులు వేడెక్కాయి. తను ఆగిపోతే ఇంకెవడూ చెప్పడు, చెప్పకపోతే ఈ జీపు ఇలాగే వెనక్కి పోతుంది. మగాళ్ళ మధ్య తను ఇంతవరకూ గట్టిగా పలికిన ఆడపేరు ఏదైనా ఉందా అని బుర్రంతా వెతికాడు. ఒక్కటే దొరికింది. రోజూ సాయంత్రం డాబా ఎక్కి కొండవైపు తిరిగి ఊరంతా వినేలా అరిచే పేరు.

"మర్జాన్," అన్నాడు.

మర్జాన్ అతని మేక.

"మంచి పేరు," అని ఇంజినీర్ సాబ్ రాసుకున్నాడు. "మర్జాన్, మౌలాదాద్ కూతురు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కలందర్ తివాచీ మీది పువ్వును అదేదో ఇప్పుడే మొలిచినట్టు తేరిపార చూశాడు. మిగతావాళ్ళకి మాత్రం దారి దొరికింది. ఒకడు ఫాతిమా అన్నాడు. ఒకడు మర్యం అన్నాడు. కలందర్, రెప్ప వేయకుండా, జైనబ్ అన్నాడు. మసీదు ప్రసంగాల్లో వినే పుణ్యస్త్రీల పేర్లన్నీ వరసగా మా ఊళ్ళోకి దిగాయి. వాటిలో ఒక్కటీ ఏ పిల్లదీ కాదు. ఎవడూ నోరు జారలేదు, ఎవడూ తడబడలేదు. అందరికీ పుణ్యవతులు గుర్తొచ్చారు, మౌలాదాద్ ఒక్కడికే మేక గుర్తొచ్చింది.

జీపెక్కుతూ ఇంజినీర్ సాబ్ చెప్పాడు: "పేరు పిలిస్తే ఆ పిల్ల లేవాలి కాకా. చెప్పకుండా వచ్చి చూస్తాను. ఒక్క పేరు అబద్ధమని తేలినా బడి పోతుంది. మగపిల్లలదీ పోతుంది. అప్పుడు నేను చేసేదేమీ ఉండదు."

మౌలాదాద్ లోపలికి వచ్చేసరికి భార్య కప్పులు కడుగుతోంది. ఆఖరి కప్పు బోర్లించి అడిగింది.

"అయితే ఇప్పుడు మేకకు ఏం పేరు పెడదాం, యహ్యా నాన్నా?"

అతను గోడకేసి చూశాడు. కూతురు తల్లి పక్కనే రొట్టెలు గుడ్డలో చుడుతోంది. పదకొండో ఏడు నడుస్తున్న పిల్ల, సన్నగా, తల్లి పోలిక. తండ్రి మొహం చూసి ఆమే అంది.

"పోన్లే బాబా. ఆ పేరు పిలిస్తే లేస్తాను. అంతేగా."

తిట్టినా ఇంత కోత ఉండేది కాదు.

బడి మొదలైంది. ఒక గోడ వెంట మగపిల్లలు, ఒక గోడ వెంట ఆడపిల్లలు, మధ్యలో రౌషానా. సాబ్ ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి రోజూ ఆ పేర్లతోనే హాజరు పిలవాల్సి వచ్చింది. ఆడపిల్లలు మొదట తికమకపడ్డారు, తర్వాత అదొక ఆటగా నేర్చుకున్నారు. జైనబ్ అంటే కలందర్ కూతురు, ఫాతిమా అంటే ఇద్దరు. మర్జాన్ అనగానే మాత్రం అవతలి గోడ వెంట ఎవడో ఒకడు సన్నగా "మే..." అనేవాడు. గదంతా కిసుక్కుమనేది. యహ్యా ఒకరోజు కలందర్ కొడుకు పెదవి పగలగొట్టాడు. మర్నాడు ఇద్దరు "మే" అన్నారు.

మౌలాదాద్ ఇదంతా వాకిట్లో నిలబడి, కట్టెలు కొడుతున్నట్టు నటిస్తూ వినేవాడు. ప్రతిరోజూ, ఆ "మే" చల్లారాక, కూతురి గొంతు వినపడేది.

"హాజిర్."

ఒక్కరోజు కూడా ఆ గొంతు తగ్గలేదు, వణకలేదు. అతను గొడ్డలి పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. సాయంత్రం డాబా ఎక్కి మేకను పిలవడానికి నోరు రాలేదు. ఈల వేసి చూశాడు. అది కొండమీద నుంచి ఒకసారి తల తిప్పి చూసి మళ్ళీ మేతలో పడింది. చివరికి వెళ్ళి చెవి పట్టుకుని తెచ్చుకోవాల్సి వచ్చేది. దారిలో ఎదురైనవాళ్ళు "కూతుర్ని తీసుకొస్తున్నావా లాలా?" అనేవాళ్ళు. మసీదు అరుగు మీద కూర్చోవడం తగ్గించేశాడు. నీళ్ళ వంతుల గొడవకు పిలిస్తే ఒంట్లో బాగోలేదన్నాడు. నలుగురి ముందు నోరు తెరిచినప్పుడల్లా ఆ మేకే గుర్తొచ్చి మాట తెగిపోయేది.

ఒక మధ్యాహ్నం కూతురు పలక పట్టుకుని వచ్చింది.

"బాబా, చూడు. నేనే రాశాను. చెయ్యి పట్టకుండా."

అతనికి అక్షరం ముక్క రాదు. ఆ తెల్లటి గీతలు అందంగా, తిన్నగా ఉన్నాయి. గుండె పొంగింది.

"ఏంటిదమ్మా?"

"పేరు."

"చదువు."

ఆమె గీతల కింద వేలు పెట్టింది. "మర్జాన్."

"నీ పేరు రాయలేదే?"

"టీచరు ఇదే రాయమంది బాబా. సాబ్ వస్తే పలకలు కూడా చూస్తాడంట. నా పేరులో అక్షరాలు ఇంకా రాలేదు."

బఖ్తావర్. అదృష్టవంతురాలు. ఆమె పుట్టిన ఏడు, వరసగా ఎండిపోయిన ఏళ్ళ తర్వాత, లోయ నిండా మంచు పడింది. పసిపిల్ల చెవిలో అజాన్ చెప్పి, ఆ వెంటనే ఈ పేరు చెప్పింది తనే. తర్వాత ఆ పేరుతో ఎన్నిసార్లు పిలిచాడు? తలుచుకుంటే ఒక్కసారీ గుర్తు రాలేదు. ఇంట్లో "అమ్మాయ్", బయట "యహ్యా చెల్లెలు". మంచి బట్టలాగా పెట్టెలో దాచి, మేక పేరు తొడిగి బడికి పంపాడు. ఆ పలక వైపు చూస్తుంటే అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "బాగుంది" అన్నాడు. అది కూడా సరిగా పలకలేదు.

మర్నాడు పిల్లలు వెళ్ళిపోయాక గుమ్మంలో నిలబడి రౌషానాతో అన్నాడు.

"ఈసారి ఆయన వస్తే చెప్పేస్తానమ్మా. అందరి ముందూ. నిజం పేరు."

రౌషానా నల్లబల్ల తుడుస్తున్నదల్లా ఆగింది. "మీరొక్కరు చెబితే సరిపోతుందా కాకా? జైనబ్ అని లేచే పిల్ల జైనబ్ కాదు. ఫాతిమా ఫాతిమా కాదు. ఒక్క దారం లాగితే మొత్తం ఊడొస్తుంది."

"నేను అబద్ధం చెబితే అందరూ చెప్పారు. నేను నిజం చెబితే అందరూ చెబుతారు. ఈ ఊరు నాకు తెలుసు."

"ముందు వాళ్ళతో మాట్లాడండి. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి."

"వెళ్తాను," అన్నాడు.

వెళ్ళలేదు. చలికాలంలో తిట్టి, బతిమాలి తిరిగిన ఆ గడపలే ఇప్పుడు ఎక్కడానికి మొహం చెల్లలేదు. 'మేక తండ్రి వచ్చాడు' అంటారేమోనని భయం. రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేశాడు. డాబాల మీద ఆప్రికాట్లు ఎండబెట్టే రోజులు వచ్చేశాయి. జీపు కూడా వచ్చేసింది.

ఇంజినీర్ సాబ్ ఈసారి టీ కూడా ముట్టలేదు. నేరుగా గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఊళ్ళో ఉన్న తండ్రులు పనులు వదిలేసి పరుగున వచ్చి గుమ్మం దగ్గర గుమిగూడారు. మౌలాదాద్ అందరికంటే ముందు ఉన్నాడు. మగపిల్లల పేర్లు పిలిచారు. లేచారు, కూర్చున్నారు. తర్వాత సాబ్ అవతలి గోడ వైపు తిరిగాడు.

"మర్జాన్."

"హాజిర్ సాబ్," అంటూ పిల్ల లేచి నిలబడింది. పెద్ద మనిషి ఉన్నాడు కాబట్టి ఎవరూ "మే" అనలేదు.

"ఆగండి," అన్నాడు మౌలాదాద్.

రౌషానా వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను చూడలేదు. గుమ్మం దాటి లోపలికి ఒక అడుగు వేశాడు.

"ఆ పిల్ల పేరు మర్జాన్ కాదు సాబ్. ఆ రోజు నాకు నోరు రాక అబద్ధం చెప్పాను. నా కూతురి పేరు బఖ్తావర్."

అనేశాడు. అందరూ విన్నారు. పైకప్పు కూలలేదు. ఛాతీ మీద నుంచి బండరాయి దించినట్టయింది. వెనక్కి తిరిగి మిగతా తండ్రుల వైపు చూశాడు, ఇప్పుడు చెప్పండిరా అన్నట్టు.

కలందర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫాతిమాల తండ్రులిద్దరూ తలలు దించుకున్నారు.

ఇంజినీర్ సాబ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. కోపం లేదు ఆయనలో. అలిసిపోయాడంతే.

"కాకా, మీ ఊరి మీద నాకు నమ్మకముండేది. పట్నంలో మీ పేరు చెప్పి మరీ వాదించాను. ఒకటి అబద్ధమైతే అన్నీ చూడాలి. ఏం తేలినా రాసి పంపాలి, తప్పదు." ఆయన ఆమె పక్కన కూర్చున్న పిల్ల పలక మీద పేరు చదివి, అటు తిరిగాడు. "భయపడకు తల్లీ. నీ పేరు నిజంగా జైనబేనా?"

కలందర్ కూతురు పలకను గుండెకు హత్తుకుంది. ఏడేళ్ళ పిల్ల. కింది పెదవి వణికింది. ఇంకొక్క క్షణం ఆగితే నిజం చెప్పేసేది. ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ అది తెలిసింది. మౌలాదాద్‌కి అప్పుడు అర్థమైంది తనేం చేశాడో. తన గుండె బరువు దించుకోవడానికి ఇంతమంది పిల్లల పలకలు లాక్కున్నాడు.

అప్పుడు అతని కూతురు పకపకా నవ్వింది.

"మా బాబా ఎప్పుడూ ఇంతే సాబ్! బఖ్తావర్ మా మేక."

సాబ్ తల తిప్పాడు. "మేకా?"

"ఎర్ర మేక. ఏటా రెండేసి పిల్లల్ని ఈనుతుంది, అందుకని ఆ పేరు పెట్టాం. బాబాకి నాకంటే అదంటేనే ప్రేమ. రోజూ డాబా ఎక్కి దాన్నే పిలుస్తాడు కదా, నోట్లో అదే ఉంటుంది. నన్ను పిలవబోయి దాన్ని పిలుస్తాడు, దాన్ని పిలవబోయి నన్ను. పరాయివాళ్ళ ముందు మరీ కంగారు."

మగపిల్లలు ఘొల్లుమన్నారు. నిజంగానే నవ్వొచ్చింది వాళ్ళకి. ఆ నవ్వు వెంటే కలందర్ గొంతు విచ్చుకుంది.

"అవును సాబ్, మేకే. బఖ్తావర్ గురించి నన్నడగండి. మొన్న కూడా నా చేలో పడి గడ్డంతా మేసింది."

"దొంగ మేక సాబ్ ఆ బఖ్తావర్," అన్నాడు ఒక ఫాతిమా తండ్రి.

"కొమ్ములు కూడా వంకర," అన్నాడు ఇంకొకడు. "బఖ్తావర్‌ని అమ్మెయ్ లాలా అని ఎన్నిసార్లు చెప్పామో!"

గుమ్మంలో ఉన్న ప్రతి మగాడూ ఆ పేరు పట్టుకున్నాడు. బఖ్తావర్ గడ్డం, బఖ్తావర్ తోక, బఖ్తావర్ పాలు. పదేళ్ళపాటు ఏ మగాడి నోటా పడకుండా అతను దాచిన పేరును వాళ్ళు ఒకరి దగ్గర్నుంచి ఒకరు అందుకుని, నవ్వుతూ, బెరుకు లేకుండా అన్నారు. పిల్ల మధ్యలో నిలబడి వాళ్ళతోపాటు నవ్వుతోంది. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. అది మౌలాదాద్ ఒక్కడే చూశాడు.

ఇంజినీర్ సాబ్ చెయ్యెత్తాడు. నవ్వు ఆగింది. ఆయనకెంత అర్థమైందో ఎవరికీ తెలియదు. పెన్ను మూత తీసి పట్టుకుని, మౌలాదాద్ కళ్ళలోకి చూశాడు.

"మీ నోటితో చెప్పండి కాకా. బఖ్తావర్ మేకా, మీ అమ్మాయా?"

మౌలాదాద్ కూతురి వైపు చూశాడు. ఆమె నవ్వడం మానేసింది. పక్కన కూర్చున్న చిన్నపిల్ల భుజం మీద చెయ్యి వేసి, తండ్రి జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"మేక సాబ్," అన్నాడు.

"సరే. కూర్చో, మర్జాన్."

పిల్ల కూర్చుంది.